బిడ్డకేం వచ్చిందో తల్లికి తెలియాలి

మా మామిడికుదురు మండలంలో చాలా ఇళ్లలో తల్లి కనిపించదు. ఆమె కువైట్‌లోనో, మస్కట్‌లోనో, ఖతార్‌లోనో ఎవరింట్లోనో వంట చేస్తూ, వాళ్ల పిల్లలకు స్నానాలు చేయిస్తూ ఉంటుంది. ఆమె పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గరో మామ్మ దగ్గరో పెరుగుతుంటారు. నెలనెలా డబ్బు వస్తుంది. రాత్రి పని అయ్యాక ఇమోలో పది నిమిషాలు మొహం కనిపిస్తుంది. ఆ పది నిమిషాల్లో తల్లి అడిగే మొదటి ప్రశ్న "తిన్నావా?", రెండోది "బాగా చదువుతున్నావా?". మొదటి ప్రశ్నకు పిల్ల నిజం చెబుతుంది. రెండో ప్రశ్నకు ఏం చెప్పాలో పిల్లకే తెలియదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించే.

మా పేటలో సాయంత్రాలు కొందరు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చదివించే పని మా మహిళా సంఘం పెట్టుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లు. మొదటిరోజు ఎవరికి ఏది వచ్చో చూద్దామని ఒక కాగితం తయారు చేశాం. ఒక పక్క పది వాక్యాల చిన్న కథ, రెండో తరగతి పుస్తకంలో ఉండే స్థాయిది. రెండో పక్క ఒక తీసివేత, ఒక భాగహారం. అంతకంటే ఏమీ లేదు.

ఏడో తరగతి చదివే ఒక పిల్ల వచ్చి కూర్చుంది. పదమూడేళ్లు. చేతిరాత ముత్యాల్లా ఉంది. నోట్సు అంతా బోర్డు మీదిది బోర్డు మీదున్నట్టే దించింది. కథ చదవమంటే మొదటి వాక్యం బొమ్మ చూసి ఊహించి చెప్పింది. రెండో వాక్యంలో ఒత్తుల దగ్గర ఆగిపోయింది. 'కొబ్బరి' అని రాసి ఉంటే 'కొబరి' అంది. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన పిల్ల! 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని వేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని మాత్రమే ఎవరో చెప్పారు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం దానికి ఎప్పుడూ పట్టుబడలేదు. భాగహారం ముట్టుకోలేదు. తల వంచుకుని పరికిణీ అంచు నలుపుతూ కూర్చుంది.

దాని ప్రోగ్రెస్ కార్డు తెప్పించి చూశాను. తెలుగులో ఏ గ్రేడు. లెక్కల్లో బి.

ఆ రాత్రి వాళ్లమ్మ కువైట్ నుంచి ఫోను చేసినప్పుడు అమ్మమ్మ నాకు ఇచ్చింది. నేను నెమ్మదిగా విషయం చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నేను పంపిన ప్రతి రూపాయికీ ఇంట్లో లెక్క చెబుతారక్కా. దాని సదువుకి లెక్క ఎవరు చెబుతారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆ లెక్క అడగడమే తప్పని ఇన్నేళ్లుగా వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను.

పరీక్షల మీద మనకెందుకు కోపం?

ఆ కోపానికి కారణం ఉంది. ఒకప్పుడు మన రాష్ట్రంలో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. మా అక్క ఆ పరీక్షలో లెక్కల్లో తప్పింది. "ఆడపిల్లకి ఈ చదువు చాలు" అన్నారు మా నాన్నగారు. మరుసటి సంవత్సరం పెళ్లి చేశారు. అప్పటికి అక్కకు పద్నాలుగేళ్లు. తర్వాత రెండేళ్లకు మా అన్నయ్య అదే పరీక్షలో, అదే లెక్కల్లో తప్పాడు. వాడికి ట్యూషన్ పెట్టించారు. మళ్లీ రాసి గట్టెక్కాడు. పరీక్ష ఇద్దరికీ ఒకటే. తప్పినందుకు పడ్డ శిక్ష మాత్రం ఒకటి కాదు. పరీక్ష తప్పడం అన్నయ్యకు ఒక ఆటంకం, అక్కకు అదే తీర్పు.

ఇలాంటి అక్కలు ఎందరో మనందరి ఇళ్లలో ఉన్నారు. అందుకే 2009లో విద్యా హక్కు చట్టం వచ్చి, ఎనిమిదో తరగతి వరకు ఏ బిడ్డనూ అదే తరగతిలో ఆపకూడదని 16వ సెక్షన్‌లో రాసినప్పుడు మనం సంతోషించాం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2002లో 86వ సవరణ ద్వారా అది రాజ్యాంగంలో 21-ఏ అధికరణంగా చేరింది. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లను బడినుంచి ఈడ్చుకొచ్చే ఒక సాకు పోయింది. ఇది చిన్న విజయం కాదు. దాన్ని వదులుకోమని నేను చెప్పబోవడం లేదు.

కానీ మనం ఒక పొరపాటు చేశాం. పిల్లను తరగతిలో ఆపేసే పరీక్షనూ, పిల్లకు ఏం వచ్చిందో తెలుసుకునే పరీక్షనూ ఒకే గాటన కట్టేశాం. రెంటినీ కలిపి 'మార్కుల సంస్కృతి' అని పేరు పెట్టి తోసిపుచ్చాం. చట్టాన్ని కూడా సగమే చదివాం. అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని ఉపాధ్యాయులు అంచనా వేయాలని, అవసరమైన పిల్లలకు అదనంగా బోధించాలని, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో సాధించిన ప్రగతి వాళ్లకు తెలియజేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. అంటే ఆ కువైట్ తల్లి అడిగిన లెక్క ఆమె హక్కు. చట్టం ఇచ్చిన హక్కు. మనం మన సభల్లో 16వ సెక్షన్ గురించి ఎన్నిసార్లు మాట్లాడాం? 24వ సెక్షన్ గురించి ఎన్నిసార్లు మాట్లాడాం?

అంకెలు చెబుతున్నదేమిటి?

'ప్రథమ్' అనే సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో దేశవ్యాప్తంగా గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తోంది. మేము మా పేటలో వాడిన కాగితం లాంటిదే వాళ్లదీ. అక్షరం, పదం, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంకెల గుర్తింపు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, తన ఇంట్లోనే అడుగుతారు.

2018లో మన రాష్ట్ర గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 59.7 శాతం. 2022లో 36.3 శాతం. మూడో తరగతిలో 22.6 నుంచి 10.3కి పడిపోయింది. కోవిడ్‌తో బడులు మూతబడ్డ కాలం మధ్యలో ఉందన్నది నిజమే. అయితే దేశమంతటా బడులు మూతబడ్డాయి. దేశం మొత్తం మీద ఐదో తరగతి అంకె 50.5 నుంచి 42.8కి తగ్గింది. మన దగ్గర పడినంత లోతుగా చాలా రాష్ట్రాల్లో పడలేదు.

2022లో ఐదో తరగతిలో ఉన్న ఆ పిల్లలు 2025 జూన్‌లో ఎనిమిదో తరగతిలోకి వచ్చారు. తరగతి మారింది, పుస్తకం లావైంది, సబ్జెక్టులు పెరిగాయి. కథ చదవలేని పిల్ల భౌతికశాస్త్రం ఎలా చదువుతుంది? తీసివేత రాని పిల్ల బీజగణితం ఎలా చేస్తుంది? చూచిరాత ఒక్కటే దిక్కు. మా పేట పిల్ల ముత్యాల్లాంటి చేతిరాత వెనక ఉన్న రహస్యం ఇదే. పై తరగతుల్లో లోటు పూడుతుందని అనుకోవడానికీ లేదు. దేశవ్యాప్తంగా ఎనిమిదో తరగతి గ్రామీణ పిల్లల్లో ఆ చిన్న భాగహారం చేయగలిగినవాళ్లు 2018లో 44.1 శాతం, 2022లో 44.7, 2024లో 45.8. ఎనిమిదేళ్లు బడికి వెళ్లాక కూడా సగానికి పైగా పిల్లలకు భాగహారం రావడం లేదు.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 2018 నుంచి 2022కి ఎనిమిదో తరగతి లెక్కల్లో వచ్చిన ఆ కాస్త మెరుగుదల ఆడపిల్లల వల్ల, ప్రభుత్వ బడుల పిల్లల వల్ల వచ్చిందని అసర్ నివేదిక చెప్పింది. మగపిల్లలు, ప్రైవేటు బడుల పిల్లలు వెనక్కి తగ్గారు. 'ఆడపిల్లలకు లెక్కలు రావు' అనేవాళ్లకు ఈ ఒక్క వాక్యం చదివి వినిపించవచ్చు.

ఆడపిల్ల ఎక్కడ వెనకబడుతోంది?

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక అధ్యయనం గురించి మన సంఘాల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, కేతకీ సేఠ్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లల పరీక్షా ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2016లో ప్రచురించారు. ఒకటో తరగతి దాటి పైకి వెళ్లేకొద్దీ ఏటా కొద్దికొద్దిగా ఆడపిల్లలు మగపిల్లల కంటే వెనకబడుతున్నారని అందులో తేలింది. తెలుగులో కొంచెం, లెక్కల్లో ఇంకొంచెం ఎక్కువ. లోపం పుట్టుకలో లేదు, ఏటేటా తయారవుతోంది. అదే అధ్యయనంలో ఇంకో విషయం కూడా ఉంది. మహిళా ఉపాధ్యాయులు బోధించిన తరగతుల్లో ఆడపిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మగపిల్లలకు దానివల్ల నష్టమేమీ జరగలేదు. దీన్నిబట్టి బడిలో లెక్కలు చెప్పేది టీచరమ్మా మాస్టారా అన్నది కూడా మన హక్కుల చర్చలో భాగమే అవుతుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 'యంగ్ లైవ్స్' పేరుతో 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడువేల మంది పిల్లల జీవితాలను వరసగా గమనిస్తూ వచ్చారు. ప్రైవేటు బడికి పంపేటప్పుడు మగపిల్లవాడికే ముందు అవకాశం దక్కుతోందని అందులో కనిపించింది. మనకు ఇది కొత్త వార్త కాదు. మా ఊళ్లో పొద్దున్నే కాన్వెంటు బస్సు ఎక్కే పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. తల్లి గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో కొడుకు టై కట్టుకుని బస్సెక్కుతాడు. కూతురు అమ్మమ్మకు అన్నం వండిపెట్టి, అంట్లు తోమి, తమ్ముడి టిఫిన్ డబ్బా సర్ది, బడికి నడిచి వెళుతుంది. ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోతుంది. ఆ మొదటి పీరియడ్ తరచూ లెక్కలే.

కాన్వెంటుకు పోస్తున్న డబ్బు గురించి కూడా ఒక మాట. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మన రాష్ట్రంలోనే లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి చూశారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ప్రైవేటుకు వెళ్లిన పిల్లలకూ ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తక్కువ ఖర్చుతో ఆ ఫలితం తెచ్చాయన్నది కూడా ఆ అధ్యయనం చెప్పిన నిజమే. కానీ కువైట్‌లో నడుం విరిగేలా పనిచేసి, కూతుర్ని ఇక్కడే వదిలి, కొడుకును మాత్రం కాన్వెంటులో వేసే తల్లికి ఈ విషయం ఎవరైనా చెప్పాలి కదా!

సెల్‌ఫోనులో చదువుకుంటారులే అనే మాట కూడా ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారి మీద 2023లో అసర్ చేసిన సర్వేలో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో సొంత ఫోను ఉన్నవాళ్లు 43.7 శాతం, ఆడపిల్లల్లో 19.8 శాతం. అదే సర్వేలో తమ భాషలో చదవడంలో ఆడపిల్లలు ముందున్నారు, లెక్కల్లో మగపిల్లలు ముందున్నారు. అవకాశం దొరికినచోట ఆడపిల్ల నిలబడుతోంది. దొరకనిచోట వెనకబడుతోంది.

చదవడం, లెక్క కట్టడం ఎందుకు హక్కు?

"ఎంత చదివినా చివరికి కువైటే కదమ్మాయ్" అంది ఆ పిల్ల అమ్మమ్మ నాతో. ఆమెను తప్పుపట్టను. ఆమె చూసిన లోకం అది. కానీ కువైట్‌కు వెళ్లేదానికైనా చదవడం రావాలి. ఏజెంటు వేలు పెట్టి చూపించినచోట సంతకం చేసి, జీతమెంతో, పని ఎన్ని గంటలో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో తెలియకుండా విమానం ఎక్కిన ఆడవాళ్ల కష్టాలు మన పత్రికల్లో మనమే రాశాం.

డ్వాక్రా సంఘంలో లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయి? పుస్తకం రాయగలిగిన ఒకరిద్దరి చేతిలో. మైక్రోఫైనాన్సు కంపెనీల వారం వాయిదాలు మన ఆడవాళ్ల ప్రాణాలమీదికి తెచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ వాయిదాల మాయ అంతా భాగహారంలోనే, శాతాల్లోనే ఉంది. వడ్డీ ఎంత పడుతోందో లెక్క కట్టలేకపోవడం వల్లే ఎక్కువమంది చిక్కుకున్నారు.

మా నేల కింద గ్యాసు గొట్టాలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న మా మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇలాంటి చోట హెచ్చరిక బోర్డు చదవగలగడం, గ్రామసభ నోటీసు చదవగలగడం, నష్టపరిహారం కాగితం మీద అంకె సరిచూసుకోగలగడం బతుకుకు సంబంధించిన విషయాలు.

చదువు ఆడవాళ్ల చేతికి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. ఆ ఆడవాళ్లకు గ్రేడు ఎవరూ ఇవ్వలేదు. కానీ వాళ్లు చదివినది వాళ్లకు అర్థమైంది. మన పిల్లల చేతిలో ఇవాళ గ్రేడు ఉంది. అర్థం కావడం ఒక్కటే కరువైంది.

కొలబద్ద చేతులు మారితే

పరీక్షలు మంచివని నేను చెబుతున్నట్టు ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. కొలబద్ద ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం.

అమెరికాలో 2002లో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం కింద మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు పెట్టారు. మార్కులు పెరగని బడుల మీద చర్యలు తీసుకున్నారు. దాంతో చాలాచోట్ల పరీక్షలో వచ్చేదే పాఠమైంది. అట్లాంటా నగరంలో పిల్లల జవాబు పత్రాలను టీచర్లే దిద్దిన కుంభకోణం బయటపడి, 2015లో పలువురికి శిక్షలు పడ్డాయి. ఆ ఏడాది చివరలో ఆ చట్టం స్థానంలో మరో చట్టం తెచ్చుకున్నారు. మార్కుకు ఉద్యోగాన్ని ముడిపెడితే మార్కు పెరుగుతుంది, చదువు పెరగదు అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

మన దేశంలోనూ జాతీయ సాధన సర్వే ఉంది. 2017లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు, 2021లో వాటితోపాటు పదో తరగతికి కూడా జరిగింది. 2024 డిసెంబరు 4న 'పరఖ్' పేరుతో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలకు జరిగింది. ఇరవైఒక్క లక్షలకు పైగా పిల్లలు రాశారు. ఫలితాలు జిల్లాల పట్టికలుగా వస్తాయి. ఏ జిల్లా ఎక్కడుందో కలెక్టరుకు తెలుస్తుంది, మంత్రికి తెలుస్తుంది. పరీక్ష రాసిన పిల్ల తల్లికి మాత్రం తన బిడ్డ ఎక్కడుందో తెలియదు. మన రాష్ట్రంలో 2023లో ఈటీఎస్ అనే అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ బడి పిల్లలకు టోఫెల్ పరీక్ష మొదలుపెట్టారు. తెలుగు కథ చదవలేని పిల్లకు అమెరికా వాళ్ల ఇంగ్లీషు పరీక్ష! 2024లో ప్రభుత్వం మారాక ఆ పథకం కొనసాగలేదు. పథకాలు వస్తాయి, పోతాయి. ఆ తీసివేత దగ్గర ఆగిన పిల్ల అక్కడే ఆగి ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. 2019లో విద్యా హక్కు చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లల్ని అక్కడే ఆపే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం అందుకు నిబంధనలు విడుదల చేసింది. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి, అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఇది అమల్లోకి వచ్చింది. పిల్లలకు చదువు రావడం లేదు కాబట్టి ఆపేయాలి అనే వాదన పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ ఏడేళ్లు నేర్పనివాళ్లు తప్పించుకుని, నేర్చుకోని పిల్ల ఒక్కతే శిక్ష అనుభవించడం ఏ న్యాయం? ఎనిమిదో తరగతిలో ఆగిన పద్నాలుగేళ్ల ఆడపిల్ల రెండోసారి అదే తరగతిలో కూర్చోదు. పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. మా అక్కను చూసినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

టీచర్ల మీద తోసెయ్యడం కూడా తేలికే. ఒకే గదిలో రెండు మూడు తరగతులు చెప్పే టీచరమ్మ, యాప్‌లలో ఫొటోలు పెట్టడానికే పూట గడిచిపోయే టీచరమ్మ కూడా శ్రామిక మహిళే. సిలబస్ పూర్తిచెయ్యమని పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు, వెనకబడిన పిల్లకోసం ఆగితే ఆమెకే మెమో వస్తుంది. అడగాల్సింది వ్యవస్థను.

మనమేం అడగాలి?

ప్రభుత్వాలకు తల్లి అవసరం తెలుసు. 2020 జనవరిలో 'అమ్మ ఒడి' మొదలైంది. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' వచ్చింది. డబ్బు తల్లి ఖాతాలో పడుతోంది. మధ్యాహ్న భోజనానికి 2024లో మన కోనసీమ ఆడపడుచు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇవన్నీ మంచివే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. నేను వెళ్లినచోట తల్లులకు ముగ్గుల పోటీ పెట్టారు. ముగ్గు వేసి, భోజనం చేసి, ఫొటో దిగి తల్లులు ఇంటికి వచ్చేశారు. బిడ్డను ముందు కూర్చోబెట్టి "ఈ కథ చదువమ్మా" అని ఒక్కరూ అడగలేదు. అడగవచ్చని ఆ తల్లులకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

అందుకని మన సంఘాలు ఈ కింది విషయాలు అడగాలని నా అభిప్రాయం.

ఒకటి: ఏడాదికి రెండుసార్లు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల ప్రతి బిడ్డ చేత తెలుగు కథ చదివించి, నాలుగు లెక్కలు చేయించి, ఏది వచ్చో ఏది రాదో మామూలు మాటల్లో తల్లికి చెప్పాలి. గ్రేడు కాదు. "తీసివేత వచ్చు, భాగహారం రాదు" అని. తల్లి విదేశంలో ఉంటే ఫోనులో చెప్పాలి. చదువురాని తల్లికైతే బిడ్డ చదువుతుంటే విని తెలుసుకునే వీలు కల్పించాలి.

రెండు: ఆ ఫలితాన్ని గోడకు అంటించకూడదు. ర్యాంకులు ఇవ్వకూడదు. టీచరు జీతానికి, బదిలీకి ముడిపెట్టకూడదు. దాన్ని సాకుగా తీసుకుని ఏ పిల్లనూ తరగతిలో ఆపకూడదు.

మూడు: వెనకబడిన పిల్లలకు బడివేళల్లోనే రోజూ ఒక గంట వాళ్ల స్థాయి నుంచి మొదలుపెట్టి నేర్పాలి. బడి అయ్యాక పెడితే ఆడపిల్ల ఉండలేదు. ఇంట్లో పొయ్యి ఆమెకోసం కాచుకుని ఉంటుంది.

నాలుగు: లెక్కలు చెప్పే మహిళా ఉపాధ్యాయుల నియామకం పెరగాలి.

ఐదు: పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆ మహిళలు సంతకాలకే పరిమితం కాకుండా, పిల్లలకు ఏం వచ్చిందన్న చర్చ ప్రతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టించాలి. ఈ పని ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. రేపటి నుంచే మన సంఘాలు మొదలుపెట్టవచ్చు.

ఇందులో ఇంటికి సంబంధించినది కూడా ఉంది. అది అడగడం ప్రభుత్వాన్ని అడగడం కంటే కష్టం. పొద్దున అంట్లు తమ్ముడు కూడా తోమాలి. ఆ మాట చెప్పకుండా బడిని ఒక్కదాన్నే నిందిస్తే మనం సగమే మాట్లాడినట్టు.

నాతో విభేదించేవాళ్లు ఉంటారు. పరీక్ష ఏ రూపంలో వచ్చినా చివరికి అది దళితుల పిల్లల మీద, పేదల పిల్లల మీద వేటుగానే పడుతుందని ఒక మిత్రురాలు నాతో గట్టిగా వాదించింది. ఆమె భయం అర్థంలేనిది కాదు. కానీ పరీక్ష లేనంత మాత్రాన వేటు ఆగడం లేదు, కనపడకుండా పడుతోంది. కాన్వెంటు పిల్లవాడికి రాకపోతే ఇంట్లో తెలుస్తుంది, ట్యూషన్ పెడతారు. మా పేట పిల్లకు రాకపోతే పదో తరగతి పరీక్షదాకా ఎవరికీ తెలియదు. అప్పుడు తెలిసి ఏం లాభం? దీనిమీద మన సంఘాల్లో చర్చ జరగాలి. మిగతా జిల్లాల్లో పనిచేస్తున్నవాళ్లు తమ అనుభవాలు రాయాలి.

మా పేట పిల్ల ఇప్పటికీ సాయంత్రం వస్తోంది. మూడు నెలలకు ఒత్తులు పట్టుబడ్డాయి. అప్పు తెచ్చుకునే తీసివేత వచ్చేసింది. భాగహారంలో ఇంకా తడబడుతోంది. మొన్న రాత్రి ఇమోలో వాళ్లమ్మకు ఆ పది వాక్యాల కథ చదివి వినిపించింది. మధ్యలో రెండుచోట్ల ఆగింది. ఆవిడ మాట్లాడకుండా మొత్తం విని, "ఇంకోటి సదువమ్మా" అంది. ఆ రాత్రి "తిన్నావా" అని అడగడం మరిచిపోయింది.